ఇంట్లో వీగన్ బిస్కాటీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎవరికైనా ఒక డబ్బా బిస్కాటీ ఇచ్చానంటే వారం తిరక్కుండా ఫోన్ వస్తుంది. "నేనూ చేశాను, కోస్తుంటే పొడి పొడి అయిపోయింది, గుడ్డు వెయ్యకపోవడం వల్లేనా?" అని. మనుషులు మారతారు గానీ ప్రశ్న మారదు. చాలాసార్లు తప్పు గుడ్డు లేకపోవడంలో ఉండదు, తొందరలో ఉంటుంది. పదే పదే వచ్చే సందేహాలను దశలవారీగా ఇక్కడ పెట్టాను. వరసగా చదవక్కర్లేదు. మీరు ఎక్కడ ఇరుక్కున్నారో అక్కడికి వెళ్లిపోండి.

వీగన్ అంటే గుడ్లు, పాలు, తేనె లాంటి జంతువుల నుంచి వచ్చేవేవీ లేనిది. బేకింగ్ చేసేవాళ్లు లాగ్ అని పిలిచే పొడవాటి పిండి ముద్దను నేను దిమ్మ అంటున్నాను. టేబుల్ స్పూన్ అంటే 15 మి.లీ., టీస్పూన్ అంటే 5 మి.లీ. వేడి అంతా సెల్సియస్ డిగ్రీల్లో చెప్పాను.

## మొదలుపెట్టే ముందు

బిస్కాటీకీ మామూలు బిస్కెట్‌కీ తేడా ఏంటి?

రెండుసార్లు కాల్చడమే తేడా. లాటిన్‌లో 'బిస్' అంటే రెండుసార్లు, 'కోక్టుస్' అంటే వండినది. పేరు అలా వచ్చింది. ముందు పిండిని దిమ్మగా కాల్చి, ముక్కలు కోసి, ఆ ముక్కల్ని తడి ఆరిపోయేదాకా మళ్లీ ఓవెన్‌లో పెడతారు. బిస్కెట్ అన్న మాటకూ మూలం ఇదే, కాకపోతే ఇప్పటి బిస్కెట్లు ఒక్కసారే కాలతాయి.

ఇటలీలో 'బిస్కోత్తి' అని అడిగితే ఏ బిస్కెట్ అయినా ఇవ్వొచ్చు. మనం బిస్కాటీ అంటున్న బాదం ముక్కల్ని అక్కడ 'కంతూచ్చి' అంటారు. టస్కనీ ప్రాంతంలోని ప్రాతో పట్టణం వీటికి పెట్టింది పేరు. అంతోనియో మత్తేయి అక్కడ 1858లో తెరిచిన దుకాణం ఇంకా నడుస్తోంది. భోజనం అయ్యాక విన్ సాంతో అనే తియ్యటి వైన్‌లో ముంచుకుని తినడం అక్కడి అలవాటు. ముంచుకోవడానికి చేసినవి కాబట్టే అంత గట్టిగా ఉంటాయి.

వీటిలో వెన్న ఉండదంటారు కదా, మరి మామూలుగానే వీగన్ కావా?

కావు. ప్రాతో పాత పద్ధతిలో వెన్న, నూనె ఉండవన్నది నిజమే, కానీ గుడ్లు ఉంటాయి. 'కంతూచ్చి తోస్కాని' పేరుతో ఐరోపా యూనియన్ 2016లో భౌగోళిక గుర్తింపు ఇచ్చిన రకంలోనైతే గుడ్లతో పాటు వెన్న, తేనె కూడా పడతాయి. కొన్న ప్యాకెట్ అయితే వెనక చదవాల్సిందే. ఇంట్లో చేసేటప్పుడు మాత్రం పని తేలిక. పాత పద్ధతిని పట్టుకుంటే మార్చాల్సింది గుడ్డు ఒక్కటే.

వీగన్ కానివి తెలియకుండా ఎక్కడి నుంచి వచ్చి పడతాయి?

ఎక్కువగా చాక్లెట్ నుంచి. 'డార్క్' అని రాసి ఉన్నా పాల పొడి గానీ పాల కొవ్వు గానీ కలిసి ఉండొచ్చు. వెన్న బదులు వాడే మార్జరిన్‌లలో కొన్నింట్లో వే, కేసీన్ ఉంటాయి, ఇవి రెండూ పాల నుంచి వచ్చేవే. ఎర్రటి చెర్రీలకు వేసే రంగు ఈ120 అయితే అది కోచినీల్ పురుగుల నుంచి తీసినది. తేనె వీగన్ కాదు. కొన్ని దేశాల్లో చెరకు పంచదారను తెల్లబరచడానికి ఎముకల బొగ్గు వాడతారు. ఆ పట్టింపు ఉన్నవాళ్లు వీగన్ అని ముద్ర ఉన్న పంచదార తీసుకోవాలి.

'పాల జాడలు ఉండొచ్చు' అన్న హెచ్చరిక వేరే సంగతి. అదే కర్మాగారంలో పాల వస్తువులు కూడా తయారవుతున్నాయని దాని అర్థం. పాల అలర్జీ ఉన్నవాళ్లకు పెట్టేటప్పుడు ఈ మాటను తేలిగ్గా తీసుకోకండి.

తూకం మెషీన్ లేదు. కప్పులతో చేస్తే రాదా?

వస్తుంది, ప్రతిసారీ ఒకేలా రాదు. కప్పును మైదా డబ్బాలో ముంచి తీస్తే 150 గ్రాములు పట్టొచ్చు. స్పూన్‌తో వదులుగా నింపి పైన కత్తితో చదును చేస్తే 120 గ్రాములే. రెండు కప్పులకు 60 గ్రాముల తేడా వచ్చేసింది చూడండి. బిస్కాటీ పిండిలో తడి చాలా తక్కువ కాబట్టి ఆ 60 గ్రాములే దిమ్మను ఎండిన మట్టిలా పగలగొడతాయి. కప్పులతోనే చేస్తానంటే స్పూన్‌తో నింపి చదును చేసే పద్ధతి పాటించండి.

ఒక నమ్మకమైన కొలత చెప్తారా?

నేను మార్చకుండా చేసేది ఇదీ. అవిసె పొడి 2 టేబుల్ స్పూన్లు 90 మి.లీ. నీళ్లలో కలిపి పది నిమిషాలు వదిలేయండి. అందులో పంచదార 130 గ్రాములు, వాసన లేని నూనె 40 గ్రాములు, వెనిలా ఎసెన్స్ 1 టీస్పూన్, ఒక నారింజ తొక్క తురుము వేసి గిలక్కొట్టండి. వేరే గిన్నెలో మైదా 250 గ్రాములు, బేకింగ్ పౌడర్ టీస్పూనున్నర, ఉప్పు పావు టీస్పూన్ కలిపి జల్లించి ఇందులో వేయండి. చివర్లో వేయించిన బాదం 100 గ్రాములు. రెండు దిమ్మలు చేసి 175 డిగ్రీల దగ్గర 25 నుంచి 30 నిమిషాలు కాల్చి, పావుగంట ఆరనిచ్చి, ఒకటిన్నర సెంటీమీటర్ మందాన కోసి, 150 డిగ్రీల దగ్గర ఒక్కో వైపు 10 నుంచి 12 నిమిషాలు మళ్లీ కాల్చాలి. సుమారు 30 ముక్కలు వస్తాయి.

## గుడ్డు బదులు ఏం వెయ్యాలి

గుడ్డు లేకపోతే పట్టు ఎలా వస్తుంది?

గుడ్డులో దాదాపు 75 శాతం నీళ్లే. మిగతా దాంట్లో వేడికి గట్టిపడే ప్రోటీన్లు, కొంత కొవ్వు ఉంటాయి. కేకులో గుడ్డు గాలిని పట్టి ఉంచాలి, మెత్తటి నిర్మాణాన్ని నిలబెట్టాలి, అందుకే అక్కడ దాన్ని తీసేయడం కష్టం. బిస్కాటీలో దాని పని అంత పెద్దది కాదు. పిండిని తడపాలి, కాస్త జిగురు ఇవ్వాలి, అంతే. మిగతా పట్టంతా మైదాలోని గ్లూటెన్ అనే సాగే ప్రోటీన్ ఇస్తుంది, కరకర పంచదార ఇస్తుంది. వీగన్ బేకింగ్‌లోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను కేకు కంటే ముందు బిస్కాటీయే చెప్తాను.

అవిసె పొడి మంచిదా, శనగలు ఉడికించిన నీళ్లు మంచివా?

రెండూ పనిచేస్తాయి, ముక్క కొరికితే తేడా తెలుస్తుంది.

అవిసె పొడి ఒక టేబుల్ స్పూన్‌కు మూడు టేబుల్ స్పూన్ల నీళ్లు కలిపితే ఒక గుడ్డుకు బదులు. పది నిమిషాలు ఆగితే స్పూన్ పైకెత్తినప్పుడు తీగ సాగుతుంది. సాగకపోతే ఇంకో ఐదు నిమిషాలు ఆగండి. గింజల్ని పొడి చెయ్యకుండా అలాగే నానబెడితే అంత త్వరగా జిగురు దిగదు. అవిసెతో చేసిన దిమ్మ కోతకు బాగా నిలబడుతుంది, ముక్క బరువుగా, గట్టిగా వస్తుంది, అక్కడక్కడ గోధుమరంగు చుక్కలు కనిపిస్తాయి.

కాబూలీ శనగలు ఉడికించిన నీళ్లకు ఆక్వాఫాబా అని పేరు. ఫ్రాన్స్‌కు చెందిన జోయెల్ రోసెల్ 2014లో ఆ నీళ్లు గుడ్డు తెల్లసొనలా నురగ కడతాయని చూపించాడు. మరుసటి ఏడాది అమెరికాలో గూస్ వోల్ట్ దానికి ఈ పేరు పెట్టాడు. లాటిన్‌లో ఆక్వా అంటే నీళ్లు, ఫాబా అంటే చిక్కుడు జాతి గింజ. మూడు టేబుల్ స్పూన్లు ఒక గుడ్డుతో సమానం. దీనితో చేసిన ముక్క తేలిగ్గా, పెళుసుగా, రంగు తెల్లగా వస్తుంది. అయితే తెల్లటి నురగ నిలబడేదాకా గిలక్కొట్టకండి. దిమ్మలోపల పెద్ద గాలి బుడగలు మిగిలిపోయి, కత్తి పెట్టగానే అక్కడే విరుగుతుంది. పైపైన బుడగలు కనిపిస్తే చాలు. డబ్బా శనగల నీళ్లయితే ఉప్పు ఉంటుంది, పిండిలో ఉప్పు మానేయండి.

బాదం, పిస్తా లాంటి గింజలు నిండుగా వేసే రోజు నేను అవిసె తీసుకుంటాను. నిమ్మ, సోంపు లాంటి సున్నితమైన రుచులకు ఆక్వాఫాబా.

అరటిపండు గుజ్జు, ఆపిల్ గుజ్జు వాడొచ్చా?

బ్రెడ్డుకూ కేకుకూ మంచివే, బిస్కాటీకి వద్దు. పండ్ల గుజ్జు తేమను వదలదు. ఎంతసేపు ఆరబెట్టినా రెండో రోజుకు ముక్క సాగుతూ ఉంటుంది. పైగా అరటిపండు ఏది వేసినా అరటిపండు రుచే వస్తుంది.

అవిసె వాసన తెలిసిపోతోంది. ఏం చెయ్యాలి?

పొడి పాతదై ఉంటుంది. అవిసెలో నూనె ఎక్కువ, పొడి చేశాక గాలి తగిలి త్వరగా ముక్కిపోతుంది. చేపల వాసనలా, రంగు డబ్బా మూత తీసినట్టు అనిపిస్తే పారేయండి. గింజలు కొని అవసరమైనంత అప్పటికప్పుడు పొడి చేసుకోండి, మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టండి. పసుపురంగు అవిసె గింజలు కాస్త తక్కువ ఘాటుగా ఉంటాయి, చుక్కలు కూడా కనిపించవు.

## పిండి కలిపేటప్పుడు

పిండి చేతికి అంటుకుపోతోంది, ఇంకొంచెం మైదా వేయనా?

వేయకండి. బిస్కాటీ పిండి కాస్త అంటుకోవాలి, చపాతీ పిండిలా చేతి నుంచి ఊడి రాకూడదు. ముద్దను కప్పి పది నిమిషాలు పక్కన పెడితే మైదా తడిని పీల్చుకుని దానంతటదే దారికొస్తుంది. ఆ తర్వాత చేతులు నీళ్లలో తడుపుకుని, తడి చేతులతోనే ట్రే మీద దిమ్మగా సర్దండి. అంటుకుంటోందని వేసే ప్రతి గుప్పెడు మైదా తర్వాత కోతలో పగతీర్చుకుంటుంది.

నా పిండి పొడిగా, ముద్దే కట్టట్లేదు.

ముందు గుప్పిట్లో గట్టిగా నొక్కి చూడండి. నొక్కితే కలిసి, వదిలితే అలాగే నిలబడితే చాలు, అది సరిగ్గానే ఉంది. నొక్కినా విడిపోతుంటే సోయా పాలో, మరే మొక్కల పాలో ఒక్కో టీస్పూన్ చల్లుతూ కలపండి. సాధారణంగా రెండు మూడు టీస్పూన్లకే ముద్ద కడుతుంది. ఒకేసారి గబుక్కున పోస్తే పంచదార కూడా కరిగి పిండి అమాంతం జారుడుగా అయిపోతుంది.

ఎంతసేపు పిసకాలి?

పిసకనే అక్కర్లేదు. పొడి మైదా కనిపించకుండా పోగానే ఆపేయండి. ఎక్కువ పిసికితే గ్లూటెన్ బిగుసుకుని ముక్క రాయి అవుతుంది.

నూనె తప్పనిసరా?

కాదు. నూనె లేకపోతే ముక్క గట్టిగా, టప్పున విరుగుతుంది, కాఫీలో ముంచకుండా తినడం కష్టం. ప్రాతో పద్ధతి అదే. 250 గ్రాముల మైదాకు 40 గ్రాముల నూనె వేస్తే నోట్లో విరిగి నలుగుతుంది, ముంచకపోయినా తినొచ్చు. 60 గ్రాములు దాటితే దిమ్మ ఓవెన్‌లో పరుచుకుపోయి చదునైన బిస్కెట్లు వస్తాయి. నూనె తీసేస్తే బదులుగా రెండు టేబుల్ స్పూన్ల మొక్కల పాలు కలపండి, లేకపోతే ముద్ద కట్టదు.

బేకింగ్ పౌడర్ బదులు సోడా వెయ్యొచ్చా?

సోడా ఒక్కటే వేస్తే కుదరదు, దానికి పులుపు తోడు కావాలి. పావు టీస్పూన్ సోడా, ఒక టేబుల్ స్పూన్ నిమ్మరసం వేస్తే సరిపోతుంది. పులుపు లేకుండా సోడా వేస్తే సబ్బు రుచి వస్తుంది, ముక్కలు గోధుమరంగులో ముదురుతాయి.

గోధుమ పిండితో చెయ్యొచ్చా? గ్లూటెన్ లేని పిండితో?

గోధుమ పిండి సగం, మైదా సగం వేస్తే హాయిగా వస్తుంది. తవుడు నీళ్లు ఎక్కువ పీలుస్తుంది కాబట్టి ఒకటి రెండు టేబుల్ స్పూన్ల తడి పెంచాలి. పూర్తిగా గోధుమ పిండితో చేస్తే ముక్క బరువుగా ఉంటుంది, కొందరికి అదే ఇష్టం.

గ్లూటెన్ లేకుండా చెయ్యడం మాత్రం కొత్తవాళ్లకు చెప్పను. గుడ్డూ లేక గ్లూటెనూ లేకపోతే పట్టుకునేది ఏదీ మిగలదు. చెయ్యాలంటే జిగురు కోసం వేసే శాంతన్ గమ్ పొడి కలిసిన రెడీ మిశ్రమం తీసుకుని, మొదటి కాల్పు తర్వాత దిమ్మను పూర్తిగా చల్లారనిచ్చి మందంగా కోయండి.

పంచదార తగ్గిస్తే ఏమవుతుంది?

తీపితో పాటు కరకర కూడా తగ్గుతుంది. పంచదార ఓవెన్‌లో కరిగి, చల్లారాక గాజులా గట్టిపడుతుంది, మనం కొరికే చప్పుడులో దాని వాటా పెద్దది. 250 గ్రాముల మైదాకు 100 గ్రాముల దాకా తగ్గించొచ్చు. అంతకన్నా తగ్గితే ఎండిన రొట్టెలా అనిపిస్తుంది. మేపుల్ సిరప్ లాంటి పాకాలతో పూర్తిగా మారిస్తే తేమ నిలిచిపోయి ముక్కలు మెత్తబడతాయి.

గుడ్డు లేదు కదా, పచ్చి పిండి రుచి చూడొచ్చా?

చూడకండి. పచ్చి గుడ్డుతో సాల్మొనెల్లా భయం ఉన్నమాట నిజమే, కానీ పచ్చి మైదా కూడా శుద్ధి చేసినది కాదు. పొలం నుంచి మిల్లు దాకా ఎక్కడైనా ఈ.కోలై, సాల్మొనెల్లా చేరొచ్చు. వాటిని చంపేది వేడే. పిల్లలు గిన్నె నాకకుండా చూడండి.

బాదం ముందే వేయించాలా? ఓవెన్‌లో ఎలాగూ కాలతాయి కదా.

దిమ్మ లోపల ఉన్న బాదం కాలదు, ఉడుకుతుంది. తడి పిండి మధ్యలో ఉంటుంది కాబట్టి దానికి వేయించిన వాసన రాదు. 160 డిగ్రీల దగ్గర 8 నుంచి 10 నిమిషాలు వేయించి, చల్లార్చి వేయండి. వేడిగా వేస్తే పంచదార కరిగి పిండి జారుతుంది. బాదం మొత్తంగా వేస్తే కోసినప్పుడు అందమైన తెల్లటి అడ్డుకోతలు కనిపిస్తాయి, కానీ మొద్దు కత్తి అయితే వాటి చుట్టూ పిండి చిట్లుతుంది. కత్తి మీద నమ్మకం లేకపోతే బాదాన్ని రెండు మూడు ముక్కలు చేసి వేయండి. గింజలు, ఎండు పండ్లు అన్నీ కలిపి మైదా బరువులో సగం మించకూడదు.

## మొదటి కాల్పు

దిమ్మ ఎంత పెద్దదిగా చెయ్యాలి?

250 గ్రాముల మైదా ముద్దకు రెండు దిమ్మలు, ఒక్కొక్కటి 25 సెం.మీ. పొడవు, 6 సెం.మీ. వెడల్పు, 2 సెం.మీ. ఎత్తు. కాలేటప్పుడు రెండూ పక్కలకు పరుచుకుంటాయి, మధ్యలో కనీసం 8 సెం.మీ. ఎడం వదలండి. కింద పార్చ్‌మెంట్ పేపర్ వేయండి. బటర్ పేపర్ పేరుతో దొరికే వాటిలో కొన్ని ఓవెన్ వేడికి తట్టుకోవు, ప్యాకెట్ మీద ఎన్ని డిగ్రీల దాకా అని రాసి ఉందో చూసుకోండి.

మొదటి కాల్పు అయిందని ఎలా తెలుస్తుంది?

175 డిగ్రీల దగ్గర 25 నిమిషాలకు తలుపు తీసి, దిమ్మ మధ్యలో వేలితో నొక్కండి. గుంట పడి అలాగే ఉంటే ఇంకా కావాలి. వేలు తీయగానే నెమ్మదిగా పైకి లేస్తే అయినట్టే. అంచులు లేత గోధుమరంగులోకి వస్తాయి, పైన సన్నటి పగుళ్లు కనిపిస్తాయి. పగుళ్లు చూసి కంగారు పడకండి, బిస్కాటీ ముఖమే అంత. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే 20 డిగ్రీలు తగ్గించాలి.

ఎంతసేపు ఉంచినా పైన రంగు రావట్లేదు.

గుడ్డు ప్రోటీన్ లేదు కాబట్టి రంగు తక్కువగానే వస్తుంది. వేడి పెంచితే అడుగు మాడుతుంది తప్ప పైన మెరుపు రాదు. ఓవెన్‌లో పెట్టే ముందు సోయా పాలు బ్రష్‌తో రాసి, పైన చిటికెడు పంచదార చల్లండి. మొక్కల పాలల్లో సోయా పాలకు ప్రోటీన్ ఎక్కువ, అందుకే రంగు బాగా పట్టిస్తాయి. బియ్యం పాలు ఈ పనికి రావు.

## కోసేటప్పుడు

కోస్తుంటే పొడి పొడి అయిపోతోంది. గుడ్డు లేకపోవడం వల్లేనా?

ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువమంది నమ్మనిది కూడా నా జవాబునే. గుడ్డు వల్ల కాదు, టైము వల్ల.

నేను మొదటిసారి చేసినప్పుడు ఇల్లంతా వాసన కమ్ముకుని ఆగలేకపోయాను. దిమ్మ బయటికి తీసిన మూడు నిమిషాలకే కత్తి పెట్టాను. పైన పెంకు విరిగి లోపలికి కూరుకుపోయింది, బాదం దొర్లిపోయింది, ట్రేలో సగం పొడి మిగిలింది. రెండోసారి బుద్ధి తెచ్చుకుని రాత్రంతా వదిలేశాను. పొద్దున కత్తి ఆనించి నొక్కితే ఇటుక పగిలినట్టు పెద్ద పెద్ద పెళ్లలుగా విరిగింది. రెండుసార్లూ అదే పిండి, అదే అవిసె. మూడోసారి పావుగంటకు కోశాను, వెన్నలో కత్తి దిగినట్టు దిగింది.

వేడిగా ఉన్నప్పుడు లోపలి గుజ్జు ఇంకా కుదురుకోలేదు, చిరుగుతుంది. పూర్తిగా చల్లారితే పైపెంకు గాజులా బిగుస్తుంది, చిట్లుతుంది. ఈ రెండింటి మధ్య ఒక సమయం ఉంది: 15 నుంచి 20 నిమిషాలు. దిమ్మ అడుగున చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉండాలి, చెయ్యి వెనక్కి లాక్కునేంత వేడి ఉండకూడదు.

ఆలస్యమైతే ఒక ఉపాయం ఉంది. పైన నీళ్లు స్ప్రే చేసి ఐదు నిమిషాలు ఆగండి. పెంకు కాస్త మెత్తబడి కోతకు లొంగుతుంది. ఆ తడి రెండో కాల్పులో ఆరిపోతుంది.

ఏ కత్తితో కొయ్యాలి?

పళ్లున్న బ్రెడ్ కత్తితో. పైపెంకును రంపంలా రెండు మూడుసార్లు మెల్లగా లాగి, సగం దిగాక ఒక్కసారి గట్టిగా కిందికి నొక్కండి. చివరిదాకా రంపంలా లాగుతూ ఉంటే అడుగు పొడి రాలుతుంది. బాదం అడ్డొస్తే నొక్కకండి, అక్కడ మాత్రం రంపంలా లాగాలి. రెండో చేత్తో దిమ్మను కత్తికి దగ్గరగా పట్టుకోండి. ఐదారు ముక్కలకొకసారి కత్తిని తుడవండి.

ఎంత మందం ఉండాలి? ఏటవాలుగా ఎందుకు కోస్తారు?

ఒకటిన్నర సెంటీమీటర్. ఒకటికి తగ్గితే కోతలోనే విరుగుతాయి, రెండు దాటితే మధ్యలో ఆరవు. ఏటవాలుగా కోస్తే ముక్క పొడవు పెరుగుతుంది, కప్పులో ముంచడానికి వీలు. అందానికీ అదే బాగుంటుంది. చిన్న ముక్కలు కావాలంటే నేరుగా కోసుకోండి, నష్టం లేదు.

కోస్తే మధ్యలో పచ్చి చారలా కనిపించింది. పాడైనట్టేనా?

లేదు. కోయడం ఆపి, కోసిన ముక్కల్ని దిమ్మకు ఆనించి మళ్లీ ఒక్కటిగా చేర్చి 175 డిగ్రీల దగ్గర 8 నుంచి 10 నిమిషాలు పెట్టండి. మళ్లీ పావుగంట ఆగి కోయండి. చార సన్నగా, తడిగా మాత్రమే ఉంటే ఇదీ అక్కర్లేదు, రెండో కాల్పులో సరిపోతుంది.

## రెండో కాల్పు

ముక్కల్ని పడుకోబెట్టాలా, నిలబెట్టాలా?

పడుకోబెడితే 150 డిగ్రీల దగ్గర ఒక్కో వైపు 10 నుంచి 12 నిమిషాలు, మధ్యలో తిప్పాలి. రెండు వైపులా బంగారు రంగు వస్తుంది. నిలబెడితే తిప్పే పని లేదు, ముక్కకూ ముక్కకూ మధ్య వేలు దూరేంత ఎడం వదిలి 25 నిమిషాలు పెట్టేయండి. రంగు తక్కువ వస్తుంది, ఆరడం సమంగా ఉంటుంది. కింద జాలీ ఉంటే ఇంకా మంచిది, వేడి గాలి అడుగు నుంచీ తగులుతుంది. ఎయిర్ ఫ్రయర్‌లో అయితే 140 డిగ్రీల దగ్గర 6 నుంచి 8 నిమిషాల్లో అయిపోతుంది, ఐదో నిమిషం నుంచే చూస్తూ ఉండండి.

టైము అయిపోయింది, ఇంకా మెత్తగానే ఉన్నాయి. ఇంకా ఉంచనా?

వేడిగా ఉన్నప్పుడు నొక్కి చూసి తీర్పు చెప్పకండి. కరిగిన పంచదార చల్లారాకే బిగుస్తుంది. ఒక ముక్క తీసి పదిహేను నిమిషాలు పక్కన పెట్టి విరవండి. టప్ మని చప్పుడొస్తే మిగతావీ తీసేయొచ్చు. వంగితే ఇంకో ఐదు నిమిషాలు. ఈ తొందరలోనే చాలామంది మాడ్చేస్తారు.

అంచులు మాడుతున్నాయి, మధ్యలో మాత్రం తడి ఉంది.

వేడి ఎక్కువైంది. రెండో కాల్పు ఎండబెట్టడానికే, రంగు తేవడానికి కాదు. 130 డిగ్రీలకు తగ్గించి 30 నిమిషాలు ఉంచండి. లేదా మామూలుగా కాల్చాక ఓవెన్ ఆపేసి, తలుపు సందులో చెక్క గరిటె ఇరికించి, చల్లారేదాకా లోపలే వదిలేయండి. ఆ గంటలో మిగిలిన తడి మెల్లగా పోతుంది. నాకు ఈ పద్ధతే ఎక్కువ ఇష్టం.

పళ్లు విరిగేంత గట్టిగా వచ్చాయి.

పిండి ఎక్కువ పిసికి ఉంటారు, లేదా నూనె పూర్తిగా మానేసి ఉంటారు, లేదా రెండో కాల్పు మరీ సాగదీసి ఉంటారు. వచ్చేసారి 250 గ్రాముల మైదాకు 40 గ్రాముల నూనె వేసి, రెండో కాల్పులో వైపుకు 8 నిమిషాలే ఉంచండి. ఇప్పుడు చేతిలో ఉన్నవాటికి వేడి కాఫీయే దారి.

## చాక్లెట్, నిల్వ

చాక్లెట్‌లో ముంచితే మర్నాటికి తెల్లటి మచ్చలు వచ్చాయి. బూజా?

బూజు కాదు, కోకో వెన్న పైకి తేలి పొరలా కనిపిస్తోంది. తినొచ్చు, చూడ్డానికే బాగోదు. చాక్లెట్‌ను ఊరికే కరిగించి ముంచితే ఇలా అవుతుంది. డార్క్ చాక్లెట్‌ను 45 నుంచి 50 డిగ్రీల దాకా కరిగించి, కలుపుతూ 27 - 28కి చల్లార్చి, మళ్లీ 31 - 32కి తెచ్చి ముంచితే మెరుపు నిలుస్తుంది. అంత ఓపిక లేకపోతే మూడింట రెండొంతులు కరిగించి, పొయ్యి మీద నుంచి దించి, మిగిలిన గట్టి ముక్కలు అందులో వేసి కరిగేదాకా కలపండి. చాలావరకు పనవుతుంది. గిన్నెలో నీటి చుక్క పడకుండా చూడండి, ఒక్క చుక్కకే చాక్లెట్ బిగుసుకుపోతుంది. ముక్కలు పూర్తిగా చల్లారాకే ముంచాలి.

ఎన్ని రోజులు నిల్వ ఉంటాయి?

బాగా ఆరిన ముక్కలు గాలి చొరబడని డబ్బాలో రెండు మూడు వారాలు కరకరలాడుతూ ఉంటాయి. గోరువెచ్చగా ఉండగానే మూత పెడితే లోపల ఆవిరి పట్టి మొదటి రోజే మెత్తబడతాయి. మెత్తటి కుకీలతో కలిపి ఒకే డబ్బాలో పెట్టకండి, వాటి తేమను ఇవి లాగేసుకుంటాయి. ఫ్రిజ్ అక్కర్లేదు.

మెత్తబడిపోయాయి, పారేయాలా?

150 డిగ్రీల దగ్గర 5 నుంచి 8 నిమిషాలు పెట్టి, పూర్తిగా చల్లార్చండి. కొత్తవాటిలా అవుతాయి. చాక్లెట్ పూసినవాటికి ఈ దారి లేదు.

ముందుగా చేసి ఫ్రీజర్‌లో పెట్టొచ్చా?

పెట్టొచ్చు, మూడు నెలల దాకా. నేనైతే మొదటి కాల్పు అయిన దిమ్మల్ని పూర్తిగా చల్లార్చి, రెండు పొరలు చుట్టి పెడతాను. కావలసిన రోజు చుట్టినది విప్పకుండానే బయట పెట్టి, మంచు వదిలాక పైన నీళ్లు స్ప్రే చేసి కోసి, రెండో కాల్పు చేస్తాను. చుట్టాలు వచ్చే గంట ముందు ఇల్లంతా తాజా వాసన వస్తుంది, పని మాత్రం పోయిన వారమే అయిపోయి ఉంటుంది.

విరిగిన ముక్కలు, పొడి ఏం చెయ్యాలి?

సీసాలో దాచండి. కరిగించిన కొబ్బరి నూనెతో కలిపి టార్ట్‌కు అడుగు పొరలా నొక్కొచ్చు, వీగన్ ఐస్‌క్రీమ్ మీద చల్లొచ్చు. పెద్ద ముక్కలైతే సీసా దాకా రావు. వంటింట్లో నిలబడి కాఫీతో తినేసే వాటా అది.